రెండో సాక్షి

ఆ వారం యెరూషలేములో జనమందరికీ ఒక్కసారిగా చెవుడు పట్టుకుంది.

పండుగనాడు మందిరపు ఆవరణ కిక్కిరిసి ఉండగా, యాజకుడు జెకర్యా మెట్ల మీద నిలబడి, రాజు ముఖం మీదే గొంతు చించుకుని ఒక మాట అన్నాడు. ఆ మాట ఎవరికీ వినబడలేదట! రాజుగారి దగ్గర చక్రం తిప్పే పెలట్యా భటుల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కుమ్మరి ఆ సమయానికి వంగి చెప్పు వారు ముడేసుకుంటున్నానన్నాడు. నూనె అమ్మేవాడు సరిగ్గా అప్పుడే తన గాడిద ఓండ్ర పెట్టిందన్నాడు. రొట్టెలు కాల్చే మిల్కా ఏకంగా "అయ్యా, ఈ చెవి నాకు పుట్టు చెవుడు, ఆ చెవిలో పిండి పడింది" అని రెండు చెవులూ తిప్పి చూపించింది. వీధి వీధంతా ముసిముసిగా నవ్వుకుంది.

నవ్వుకోవడానికి కారణం ఉంది. రాజును శపించినవాణ్ణి రాళ్ళతో కొట్టి చంపాలి. కానీ ఒక్కడి నోటి మాట మీద మనిషి ప్రాణం తీయకూడదు, ఇద్దరు సాక్షులు చెప్పాలి. అది మోషే నాటి కట్టడ. రాజైనా దాన్ని దాటలేడు. దాటితే రేపు రాజు మీద ఎవడైనా ఏదైనా చెప్పొచ్చు కదా మరి. జెకర్యా రాజును శపించాడని చెప్పే మొదటి సాక్షి పెలట్యా. రెండోవాడి కోసం వెతుకులాట. పెలట్యా అంటే ఊరికి ఒళ్ళుమంట. జెకర్యా తండ్రి యెహోయాదా అంటే ఊరికి ప్రాణం. పోయాక కూడా ఆ పెద్దాయన్ని రాజుల సమాధుల్లో పెట్టుకున్న ఊరు ఆయన కొడుకు మీద రాయి వేయడానికి నోరు విప్పుతుందా?

దాది హొగ్లా మాత్రం ఆ మాట శుభ్రంగా విన్నది. మొదటి మెట్టు పక్కనే నిలబడి మరీ విన్నది. "రాజా, నువ్వు దేవుడి చెయ్యి వదిలేశావు. ఆయనా నీ చెయ్యి వదిలేశాడు." అంతే, ఆ రెండు ముక్కలే. అన్నవాడూ ఆమె పాలు తాగినవాడే, అనిపించుకున్నవాడూ ఆమె పాలు తాగినవాడే.

నలభై ఏళ్ళ కిందటి సంగతి. ముసలి రాణి అతల్యా తన కొడుకు, రాజు అహజ్యా చచ్చిన కబురు విని, ఏడవాల్సింది పోయి, సింహాసనం కోసం మనవల్ని వెతికి వెతికి నరికించింది. ఆ నెత్తుట్లోంచి ఒక్క పసికందును మేనత్త యెహోషెబ దొంగిలించుకొచ్చింది. ఆమె ప్రధాన యాజకుడు యెహోయాదా భార్య. బిడ్డనీ, బిడ్డకు పాలిచ్చే హొగ్లానీ కలిపి మందిరంలో యాజకుల పరుపులు దాచే కొట్టులో పెట్టి తలుపేసింది. ఆ బిడ్డే యోవాషు. మరుసటేడు యెహోషెబకు జెకర్యా పుట్టాడు. ఆమెకు పాలు చాలకపోతే వాణ్ణీ తెచ్చి హొగ్లా ఒళ్ళోనే పెట్టారు. కుడి రొమ్ము వీడికి, ఎడమ రొమ్ము వాడికి. పురిట్లోనే బిడ్డను పోగొట్టుకున్న హొగ్లాకు దేవుడు ఒకటికి రెండు చేసి ఇచ్చాడని అప్పుడు అనుకుంది.

ఆరేళ్ళు ఆ కొట్టులో. గోడ అవతల రాణిగారి మనుషులు తిరిగేవారు. అడుగుల చప్పుడు వినబడితే చాలు, హొగ్లా అరచెయ్యి యోవాషు నోటి మీద పడేది. పసివాడు గుక్కపట్టి నీలంగా మారినా చెయ్యి తీసేది కాదు. తీస్తే ఇద్దరి తలలూ లేచిపోతాయి. ఏడాది తిరిగేసరికి ఆమె చెయ్యి అక్కర్లేకపోయింది. చప్పుడు వినబడగానే బిడ్డే తన బుల్లి అరచెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. "నా బంగారం, ఎంత బుద్ధిమంతుడో!" అని మురిసిపోయి ముద్దులు పెట్టేది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మొక్కగా ఉన్నప్పుడు ఏ వైపు వంచామో చూసుకోవద్దూ? ఆ సంగతి హొగ్లాకు అప్పుడు తట్టలేదు.

ఏడో ఏట యెహోయాదా ధైర్యం చేశాడు. ఆవరణ నిండా కత్తులు పట్టిన లేవీయుల్ని, మందిరపు సేవకుల్ని, నిలబెట్టి, బిడ్డను మందిరపు స్తంభం పక్కకు తెచ్చి, "ఈ బిడ్డ ఎవరి బిడ్డ?" అని ఊరంతా వినేలా అడిగాడు. అక్కడా ఇద్దరు సాక్షులే కావలసి వచ్చారు. మొదట యెహోషెబ చెప్పింది. రెండోది హొగ్లా. "యెహోవా జీవము తోడు, వీడు రాజు అహజ్యా కొడుకు. రాణి మిగతా పిల్లల్ని చంపించిన రోజు నుంచి నా ఒళ్ళోనే ఉన్నాడు." ఆ రోజే యోవాషు నెత్తి మీద కిరీటం ఎక్కింది. ముసలి రాణిని గుర్రాల గుమ్మం దగ్గరికి ఈడ్చుకుపోయి చంపారు.

యెహోయాదా బతికినన్నాళ్ళూ యోవాషు ఆయన చెప్పినట్టే నడిచాడు. బీటలు వారిన మందిరం గోడలన్నీ కట్టించాడు. దావీదు వంశానికి మళ్ళీ మంచి రోజులొచ్చాయని అందరూ చెప్పుకున్నారు. పెద్దాయన పోయాడు. ఆయన సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు, పెలట్యా బృందం వచ్చి రాజు ముందు నేలకు నుదురు ఆనించింది. అప్పటిదాకా రాజుకు దండం పెట్టేవాడు ఎవడైనా ముందు యెహోయాదా ముఖం చూసి పెట్టేవాడు. వీళ్ళు నేరుగా రాజుకే పెట్టారు. అంతే, మనిషి కరిగిపోయాడు. కొండల మీద అషేరా దేవత స్తంభాలు లేచాయి, మందిరం గుమ్మం ముందు గడ్డి మొలిచింది.

హొగ్లా ఉండబట్టలేక ఒకసారి అడిగింది. "ఏం నాయనా, నిన్ను దాచిన ఇల్లు కదా అది?"

"దాచిన ఇల్లే, దాదమ్మా" అన్నాడు యోవాషు. "ఆ ధూపం వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. ఎవరో వస్తున్నట్టే ఉంటుంది."



ఇప్పుడు జెకర్యాను మందిరపు గుమ్మం పక్క కావలి గదిలో పెట్టారు. నాలుగో రోజు హొగ్లా బార్లీ రొట్టెలు, ఒలీవ కాయలు మూటగట్టుకుని వెళ్ళింది. కావలివాడు ఆమెను చూసి తల అటు తిప్పుకున్నాడు. వాడికి ఆ పూట చెవుడుతో పాటు గుడ్డితనం కూడా వచ్చింది.

జెకర్యా రొట్టె విరుచుకుంటూ నవ్వాడు. "దాదమ్మా, నీ చేతి రొట్టె ఇప్పటికీ రాయిలాగే ఉంది."

"రాళ్ళ మాట ఎత్తకురా, నీ నోట్లో మన్ను పడ! నువ్వు అన్న మాటలు చాలవా? వాడితో నాలుగు గోడల మధ్య చెప్పొచ్చుగా. అన్నదమ్ములు కాదా మీరు? సంతలో కూర అమ్మినట్టు మెట్లెక్కి అరవాలా?"

"నాలుగు గోడల మధ్య పదిసార్లు చెప్పాను. విన్నాడు, తలూపాడు. నా తర్వాత లోపలికెళ్ళినవాడికీ తలూపాడు. వాడెప్పుడూ అంతేగా." రొట్టె పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇదిగో, భయపడకు. రెండో సాక్షి దొరకడు. ఈ వారం గడిస్తే పెద్దల ముందు నన్ను వదిలెయ్యక తప్పదు. నువ్వు ఒక్కటి గుర్తుంచుకో. నువ్వూ ఏమీ వినలేదు."

"నేనా? నేను ముసలిదాన్ని, నాకేం వినబడుతుంది?" అని ఆమె కన్ను గీటింది.

"ఎవరడిగినా అంతే. వాడడిగినా అంతే."

"వాడికి కూడానా?"

"ముందు వాడికే" అన్నాడు జెకర్యా.

ఆ మాట ఆమెకు కష్టంగా తోచింది. ఇద్దరూ రెండు కళ్ళయినప్పుడు ఒక కంటికి తెలియకుండా రెండో కన్ను ఎలా మూసుకుంటుంది? అయినా సరేనంది. వాడి గడ్డం పట్టుకుని "బుద్ధిగా ఉండు" అని చెప్పి వచ్చేసింది. తిరిగి వస్తూ వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఇంకా మూడు రోజులు.

మరునాడు పొద్దున రాజుగారింటి నుంచి కబురొచ్చింది. రాజుకు ఒంట్లో బాగోలేదు, రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు, దాదమ్మను పిలవమంటున్నాడు. హొగ్లాకు జెకర్యా మాట గుర్తు రాకపోలేదు. వచ్చింది. కానీ బిడ్డ తిండి మానేశాడంటే దాది కాళ్ళు ఆగుతాయా? అంజూరపు ముద్దలు, కాస్త తేనె పట్టుకుని, నోరు కట్టేసుకోవాలని తనకు తానే నూరుసార్లు చెప్పుకుంటూ వెళ్ళింది.

యోవాషు పడక మీద ముడుచుకుని ఉన్నాడు. నలభయ్యో పడిలో పడిన మనిషి, గడ్డంలో తెల్ల వెంట్రుకలు, అయినా ఆమెను చూడగానే తల తెచ్చి ఒళ్ళో పెట్టేశాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఆమె అంజూరం తుంచి నోట్లో పెట్టింది. నమిలాడు. మింగలేదు.

"దాదమ్మా, వాడు నన్ను చావమన్నాడటగా."

"ఎవరు చెప్పారా మాట?"

"అందరూ చెబుతున్నారు. నేను కుక్క చావు చావాలన్నాడట. నా కొడుకుల పేరు కూడా మిగలకూడదన్నాడట. ఆ గోలలో నాకు సరిగ్గా వినబడలేదు." ఆమె కొంగు పట్టుకున్నాడు. "ఒకే ఒళ్ళో పాలు తాగాం కదా. వాడికి నా మీద అంత కసా? నేను చస్తే వాడికి సంతోషమా?"

హొగ్లా అంజూరపు ముద్ద పక్కన పెట్టేసింది. ఎవరు పోశారు ఈ విషం? ఈ ఒక్క అబద్ధమే కదా అన్నదమ్ముల మధ్య అడ్డం నిలబడింది! దీన్ని తీసేస్తే చాలు, వీడే లేచి వెళ్ళి ఆ గది తలుపు తీస్తాడు. వీడి గుండె ఆమెకు తెలియదా? నూరుసార్లు కట్టుకున్న నోరు ఒక్కసారిగా తెగింది.

"అయ్యో, నా తండ్రీ, అదేం లేదు! ఒట్టి కోతలు! వాడు నిన్ను చావమనడమా? నీకు జ్వరమని తెలిస్తే వాడు అన్నం తింటాడా? నేను మొదటి మెట్టు పక్కనే ఉన్నాను, ఈ చెవులతో విన్నాను. యెహోవా జీవము తోడు, వాడన్నది ఒక్కటే. నువ్వు దేవుడి చెయ్యి వదిలేశావు, ఆయనా నీ చెయ్యి వదిలేశాడు, అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అన్లేదు. అది కోపం కాదురా, ఏడుపు. తమ్ముడి ఏడుపు."

ఆమె ఒళ్ళో తల కదల్లేదు. కళ్ళు మాత్రం తలుపు పక్క తెర వైపు తిరిగాయి. అప్పుడు వినబడింది ఆమెకు, తెర అవతల అడుగుల చప్పుడు. వచ్చిన అడుగులు కావు. మొదటి నుంచీ అక్కడే ఆగి ఉండి ఇప్పుడు కదిలిన అడుగులు.

పెలట్యా తెర తీశాడు. వెనక ఇద్దరు ఊరి పెద్దలు తలలు దించుకుని నిలబడ్డారు.

"విన్నారుగా పెద్దలు. ఒట్టు వేసి మరీ చెప్పింది. దేవుడు రాజును వదిలేశాడనడం శాపం కాకపోతే మరేమిటి? రెండో సాక్షి దొరికింది."

హొగ్లాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని తల పక్కకు దించి లేచింది. "సాక్షి ఏమిటయ్యా? నేను ఆడదాన్ని, ముసలిదాన్ని, దాదిని. నా మాట ఒక మాటా?"

"నీ మాటేగా ఈయన్ని రాజును చేసింది" అన్నాడు పెలట్యా, ఎంతో మర్యాదగా. "ఆ రోజు స్తంభం దగ్గర ఆడదాని మాట చెల్లింది. ఈ రోజు చెల్లదా?"

"అయితే అబద్ధం చెప్పాను. పో! నేనేం వినలేదు. నాకు చెవుడు."

"యెహోవా జీవము తోడు అని ఒట్టేసి అబద్ధం చెప్పావా?" పెలట్యా నవ్వు పోయింది. "బాగా ఆలోచించుకో, ముసలమ్మా. ఆ రోజూ ఇదే ఒట్టు వేశావు. యెహోషెబ పోయింది. ఆ రోజు చెప్పినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కదానివే. నీది ఒట్టేసి అబద్ధాలాడే నోరైతే, ఈయన అహజ్యా కొడుకు అనడానికి ఇంక సాక్ష్యం ఏముంది? కొట్టులో దొరికిన ఎవడో అనాథ దావీదు గద్దె మీద కూర్చున్నాడని రేపే ఊళ్ళో అంటారు. అలాంటివాణ్ణి, వాడి పిల్లల్ని ఏం చేస్తారో నీకు నేను చెప్పాలా? గుర్రాల గుమ్మం దగ్గర నువ్వు చూడలేదూ?"

పెద్దలు తలలు ఎత్తలేదు. వాళ్ళకూ ఆ లెక్క తెలుసు.

హొగ్లా యోవాషు వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. నేను నమ్మను, ఇది జ్వరంలో ఆడిన మాట, వదిలేయండి అంటే చాలు. రాజు కదా! "నాయనా, చెప్పరా. నీకు దండం పెడతాను. వాడు నీ తమ్ముడురా. చెప్పు."

యోవాషు పడక మూలకు జరిగాడు. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. పెలట్యా ఒక అడుగు ముందుకు వేశాడు. చెప్పు నేల మీద టక్కుమంది. యోవాషు కుడి అరచెయ్యి మెల్లగా లేచి నోటికి అడ్డంగా నిలిచింది.

అది చూసింది హొగ్లా. ఇంక ఆమె నోట కూడా మాట రాలేదు. ఒట్టు వెనక్కి తీసుకుంటే జెకర్యా బతుకుతాడు, ఈ మూల ముడుచుకున్నవాడు చస్తాడు. తీసుకోకపోతే వీడు బతుకుతాడు. కుడి రొమ్మా, ఎడమ రొమ్మా? ఏ తల్లినీ అలా అడగకూడదు. పెలట్యా పది లెక్కపెట్టేంత సేపు ఆగాడు. తర్వాత పెద్దలతో, "ఊరుకుంది. అంటే ఒప్పుకున్నట్టే" అని బయటికి నడిచాడు.

మధ్యాహ్నానికల్లా జెకర్యాను ఆవరణలోకి తెచ్చారు. గోడ పక్కన రాళ్ళ కుప్ప ఉంది. మందిరం బీటలు కట్టించినప్పుడు మిగిలిపోయినవి, యోవాషు కొండ నుంచి తెప్పించినవే. సాక్షుల చేతులే ముందు లేవాలి, అదీ కట్టడే. ఊళ్ళో చెవుడంతా ఒక్కసారిగా వదిలిపోయినట్టుంది, జనం నిశ్శబ్దంగా ఉన్నారు. మిల్కా మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి నిలబడింది.

పెలట్యా తన రాయి తాను ఏరుకున్నాడు. ఇంకొకటి తెచ్చి హొగ్లా రెండు చేతుల్లో పెట్టాడు. ఆమె నిలబడిన చోటు ఆ స్తంభం పక్కనే. ముప్పై మూడేళ్ళ కిందట ఒట్టేసిన చోటే.

జెకర్యా ఆమెను చూశాడు. చూడగానే అంతా తెలిసిపోయింది వాడికి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వాడు అన్నం తిన్నాడా?" అని అడిగాడు.

హొగ్లా తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కళ్ళు మూసుకో, దాదమ్మా" అన్నాడు. తర్వాత తల పైకెత్తి, మందిరం కప్పు మీదుగా చూస్తూ, "నువ్వు చూస్తున్నావుగా. నువ్వే అడుగు వీళ్ళని" అన్నాడు. అది ఆమెతో అన్న మాట కాదు.

ఆమె రాయి వేయలేదు. చేతులు పట్టు తప్పాయి, అంతే. రాయి ఆమె పాదాల మీదే పడి బొటనవేలు చితికింది. "పడింది" అని అరిచాడు పెలట్యా. "సాక్షి రాయి పడింది!" ఆ తర్వాత పడిన రాళ్ళను ఆమె చూడలేదు. చప్పుడు విన్నది. ఎంతసేపో విన్నది.

పొద్దు వాలేవేళకు ఆమె కుంటుకుంటూ పరుపుల కొట్టులోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఇంటి కంటే ఆ చోటే బాగా తెలిసినది కాబోలు. యాజకులు సగం మంది వెళ్ళిపోయారు, పరుపులు చివికిపోయి పీచు బయటికొచ్చింది. గోడకు ఆనుకుని కూలబడింది. పైన సన్న చీలికలోంచి ఇంత వెలుగు పడుతోంది. ఆ వెలుగులోనే ఇద్దరికీ అడుగులు నేర్పింది.

కాసేపటికి తలుపు కదిలింది. యోవాషు వచ్చాడు. కిరీటం లేదు, వెనక ఎవరూ లేరు. వచ్చి పరుపుల మీద, తన పాత మూలలోనే, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"అమ్మా" అన్నాడు. పుట్టాక అంతకు ముందెప్పుడూ ఆమెను అలా పిలవలేదు. "వాడు నా గురించి ఏమన్నా అడిగాడా?"

"అన్నం తిన్నావా అని అడిగాడు."

యోవాషు ముఖం వంకర్లు పోయింది. అప్పుడే గోడ అవతల ఎవరో నడిచిన చప్పుడు. రాళ్ళు తీసి ఆవరణ కడుగుతున్న మనుషులు కాబోలు. వెంటనే అతని అరచెయ్యి లేచి నోటిని మూసేసింది.

ఆమెకు అతని మీద అసహ్యం కలిగింది. అంతకు మించి తన మీద. అయినా పాకుతూ వెళ్ళి అతని ముందు కూర్చుంది.

"ఏడవరా" అంది. "ఇక్కడ నిన్ను చంపేవాళ్ళు ఎవరూ లేరు. ఆరేళ్ళూ నిన్ను ఏడవనివ్వలేదు, అది నా తప్పు. ఇప్పుడు ఏడువు. నీ తమ్ముడి కోసం ఒక్కసారి గట్టిగా ఏడువు. ఊరంతా వినబడనీ."

అతను కళ్ళు పెద్దవి చేసి తలుపు వైపే చూస్తున్నాడు. ముఖం నీలంగా మారుతోంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లాగింది. రెండు చేతులతో లాగింది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పబోయింది. రాలేదు.